ఏడుపుకీ పనికీ మధ్య

నంద్యాలలో ప్రచారం ముగించుకుని ఆళ్లగడ్డకు వస్తూ ప్రమాదంలో గాయపడ్డ శోభా నాగిరెడ్డి 2014 ఏప్రిల్ 24న చనిపోయారు. అయినా మే 7 పోలింగ్‌లో ఆమె పేరుంది, గెలిచింది కూడా ఆమే. 2017 మార్చి 12న ఆమె భర్త, నంద్యాల ఎమ్మెల్యే భూమా నాగిరెడ్డి పోయారు. మూడు వారాలకే కూతురు అఖిలప్రియ మంత్రి అయ్యారు. ఇంత త్వరగా ఎట్లా తేరుకుంటారు?

తేరుకోవడం కాదది. మా జేజి పోయిన నాలుగోనాడే నాన్న శనగచేనికి పోయాడు. సాయంత్రం ఆమె మంచం చూసి ఏడ్చేవాడు. స్ట్రోబ్, షూట్ అనే మనస్తత్వవేత్తలు 1999లో చెప్పిందీ ఇదే: మనసు పోయినవాళ్ల దగ్గరికీ, బతుకు పనుల్లోకీ అటూ ఇటూ తిరుగుతుంది. రెండూ కావాలి.

అందుకే, దినాలు చేసుకొచ్చిన రూమ్మేట్ పగలు నవ్వితే వింతగా చూడొద్దు. ఆర్నెల్ల తర్వాత రాత్రిపూట ఏడిస్తే "ఇంకానా?" అనొద్దు.