పిల్లలతో పాపికొండలు: బోటెక్కే ముందు ఒక మాట



సంక్రాంతి సెలవులు వచ్చేస్తున్నాయి. మొన్నటి పేరెంట్స్ మీటింగులో మార్కుల సంగతి అయిపోయాక చాలామంది నన్ను అడిగిన ప్రశ్న ఒకటే. "మేడమ్, సెలవుల్లో పాపికొండలు అనుకుంటున్నాం. మా చిన్నవాడిని తీసుకెళ్లొచ్చా?" మాది రాజమండ్రి అని తెలిసి అడిగారు. మా ఇంటికి చుట్టాలు ఎవరొచ్చినా చివరికి తేలేది బోటు ట్రిప్పు దగ్గరే కాబట్టి, నాకు తెలిసినవన్నీ ఒకచోట రాస్తున్నాను.

తీసుకెళ్లొచ్చు. రెండు కొండల మధ్య గోదావరి సన్నబడి మలుపు తిరిగే చోటు చూస్తే పిల్లలు చాలాకాలం గుర్తుపెట్టుకుంటారు. అయితే 2019 సెప్టెంబరు 15న ఏం జరిగిందో మనం మర్చిపోకూడదు. ఆ ఆదివారం, గోదావరి వరద మీద ఉండగా, కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగిపోయింది. సెలవు రోజు సరదాగా బయల్దేరినవాళ్లలో ఎంతోమంది ఇంటికి రాలేదు. అందుకే ఈ ట్రిప్పుకి బట్టలు సర్దుకోవడంతో పాటు ఇంకొన్ని కూడా సర్దుకోవాలి.

ఏ నెల, ఏ వయసు

వానలు తగ్గి, వరద తీసిన తర్వాత నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఈ ట్రిప్పుకి మంచి కాలం. వేసవి సెలవుల్లో ఎండ పిల్లలు తట్టుకోలేరు. జనవరిలో పొద్దున్నే మంచు ఉంటుంది, స్వెట్టర్, మంకీ క్యాప్ తప్పనిసరి.

రెండేళ్లలోపు పాపాయి ఉంటే ఇంకో ఏడాది ఆగమనే నా సలహా. అంత చిన్నపిల్లలకి సరిపోయే లైఫ్ జాకెట్ దొరకడం కష్టం. పైగా రేవు వరకు రోడ్డు ప్రయాణం, ఆపైన బోటులో గంటల కొద్దీ కూర్చోవడం, మళ్లీ వెనక్కి రావడం కలిపితే పొద్దున్నుంచి చీకటి పడేదాకా సరిపోతుంది. పాపాయికి అది ఆనందం కాదు, అలసట.

ముందు రోజు ఇంట్లో రిహార్సల్

మా క్లాసులో ఒక సంగతి రోజూ చూస్తుంటాను. "పరిగెత్తకు" అని పదిసార్లు చెప్పినా పిల్లల చెవికెక్కదు. ఒకసారి చేయించి చూపిస్తే గుర్తుంటుంది. బోటు నియమాలు కూడా అంతే. హాల్లో నాలుగు కుర్చీలు వేసి బోటు ఆట ఆడించండి. కూర్చుని ఉండటం, రెయిలింగ్ దగ్గరికి అమ్మ చెయ్యి పట్టుకునే వెళ్లడం, లైఫ్ జాకెట్ విప్పమని అమ్మో నాన్నో చెప్పేదాకా విప్పకపోవడం. మూడే రూల్స్. నాలుగోది పెడితే మొదటిది మర్చిపోతారు.

"తప్పిపోతే ఏం చేస్తావు?" అని కూడా అడగండి. ఉన్నచోటే నిలబడి గట్టిగా పేరు పెట్టి పిలవడం అలవాటు చేయించండి. కొండల మధ్యకి వెళ్లాక ఫోన్ సిగ్నల్ ఉండదు. అందుకని చేతి మీద మీ ఫోన్ నంబరుతో పాటు మీరు ఎక్కిన బోటు పేరు కూడా పెన్నుతో రాయండి. ఆ రోజుకి ఎరుపు, నారింజ లాంటి ముదురు రంగు బట్టలు వేయండి. నీలం, ఆకుపచ్చ రంగులు నీళ్లలో కలిసిపోయి కనబడవు. బయల్దేరే ముందు ఆ బట్టల్లోనే ఒక ఫోటో తీసి పెట్టుకోండి.

రేవు దగ్గర

కచ్చులూరు ప్రమాదం తర్వాత బోట్లు బయల్దేరే చోట కంట్రోల్ రూములు ఏర్పాటయ్యాయి. ప్రయాణికుల పేర్లు రాసుకుంటారు. అక్కడ ఒకటి గమనించండి. టికెట్ అక్కర్లేని చిన్నపిల్లల పేర్లు కూడా ఆ లిస్టులో ఉన్నాయా? లేకపోతే అడిగి రాయించండి. టికెట్ లేనంత మాత్రాన లెక్కలో లేకుండా పోకూడదు.

తర్వాత లైఫ్ జాకెట్. పెద్దవాళ్ల జాకెట్ చిన్నపిల్లలకి వేసి తాళ్లు బిగించేస్తే సరిపోతుందనుకోవద్దు. నీళ్లలో పడితే జాకెట్ పైకి తేలుతుంది, బిడ్డ కిందినుంచి జారిపోతుంది. వేసిన తర్వాత జాకెట్‌ని భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. అది గడ్డం దాటి చెవుల దాకా వచ్చేస్తే సైజు పెద్దదని అర్థం. కాళ్ల మధ్యనుంచి వచ్చే బెల్టు ఉంటే తప్పకుండా పెట్టండి. గాలి ఊది వేసే స్విమ్మింగ్ ట్యూబులు లైఫ్ జాకెట్‌కి బదులు కావు. వీలైతే పిల్లవాడి బరువుకి తగిన జాకెట్ ముందే కొని తీసుకెళ్లండి. ఒక పూట హోటల్ బిల్లు కంటే అదే అవసరం.

బోటులో "డ్యూటీ టీచర్"

స్కూల్ నుంచి పిక్నిక్ వెళ్తే మేం ఒక పని చేస్తాం. ఏ టీచర్‌కి ఏ పిల్లలో పేర్లతో రాసి ఇస్తాం. "అందరం చూసుకుందాం" అని ఎప్పుడూ అనుకోం. ఎందుకంటే అందరూ చూస్తున్నారంటే ఎవరూ చూడటం లేదన్నమాట. అమ్మమ్మ తాతయ్యలు, బాబాయి పిన్నులు, మేనత్తలు అందరూ కలిసి పదిహేనుమంది వెళ్లే ట్రిప్పులో ఈ పొరపాటుకే ఎక్కువ అవకాశం. తల్లి నాన్నమ్మ దగ్గర ఉన్నాడనుకుంటుంది, నాన్నమ్మ తల్లి దగ్గర ఉన్నాడనుకుంటుంది.

అందుకే గంటకొకరు డ్యూటీ వేసుకోండి. "ఇప్పుడు బాబు నీ దగ్గర" అని పేరు పెట్టి అప్పగించండి. "సరే, నా దగ్గర" అని అవతలివాళ్లు పైకి అనాలి. ఆ గంటా వాళ్లు ఫోన్ చూడరు, సెల్ఫీలు తీయరు. కిందటేడు మా అక్క పిల్లలతో వెళ్లినప్పుడు ఇలాగే చేశాం. మొదట మా బావగారు నవ్వారు, మధ్యాహ్నానికి ఆయనే "నా డ్యూటీ ఎప్పుడు?" అని అడిగారు. డ్యూటీ లేనివాళ్లు నిశ్చింతగా కొండలు చూసుకున్నారు కదా మరి!

మూడు సమయాల్లో మరీ జాగ్రత్తగా ఉండాలి. ఒకటి, పాటలు పెట్టి డాన్సులు మొదలైనప్పుడు. పెద్దల కళ్లన్నీ అటే ఉంటాయి. పైగా ఆ స్పీకర్ల మోతకి చిన్నపిల్లలు బెదిరిపోతారు, వాటికి దూరంగా సీటు చూసుకోండి. రెండు, భోజనాలప్పుడు. అన్నం తినడానికి అడ్డంగా ఉందని జాకెట్ విప్పేస్తారు, మళ్లీ వేయడం మర్చిపోతారు. విప్పకండి. మూడు, పాపికొండలు కనబడగానే. అందరూ ఫోటోల కోసం ఒకే వైపుకి ఎగబడితే బోటు అటు ఒరుగుతుంది. మీరు కూర్చునే చూడండి, కొండలు ఎక్కడికీ పోవు. ఫోటో కోసం పిల్లల్ని రెయిలింగ్ మీద కూర్చోబెట్టడం మాత్రం ఎవరు అడిగినా ఒప్పుకోవద్దు.

తిండి, నీళ్లు, దిగడం

ఘాట్ రోడ్డు మలుపుల్లో కడుపు తిప్పే పిల్లలకి పొద్దున్నే పూరీ, వడ కాకుండా ఇడ్లీ పెట్టండి. వాంతుల మందు కావాలంటే మీ పిల్లల డాక్టరుని అడిగే వేయండి. కాచిన నీళ్లు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, అరటిపళ్లు, రెండు జతల బట్టలు, టోపీ ఒకే సంచిలో ఉంచి, ఆ సంచి డ్యూటీలో ఉన్నవాళ్లకే ఇవ్వండి. ఎక్కే ముందు ఒకసారి బాత్రూమ్‌కి తీసుకెళ్లండి, అక్కర్లేదన్నా సరే.

పేరంటాలపల్లిలో శివాలయం చూడటానికి దిగేటప్పుడు ఒడ్డుకి వేసే బల్ల తడిగా ఉంటుంది. చిన్నవాళ్లని ఎత్తుకోండి, పెద్దవాళ్లని చెయ్యి పట్టుకుని ఒక్కొక్కరిగా నడిపించండి. తిరిగి ఎక్కాక తలలు లెక్కపెట్టండి. మేం బస్సులో రెండుసార్లు లెక్కపెడతాం. మీరూ అంతే.

"ఇవాళ వద్దు" అనగలగాలి

అన్నిటికంటే కష్టమైనది ఇదే. సామర్థ్యం కంటే ఎక్కువమందిని ఎక్కిస్తున్నారు, పిల్లల సైజు జాకెట్ లేదంటున్నారు, వాతావరణం బాగోలేదు. అయినా డబ్బులు కట్టేశాం, చుట్టాలందరూ వచ్చేశారు, పిల్లలు ఏడుస్తారు. అలాంటప్పుడు నలుగురిలో "మేం ఎక్కం" అనడానికి మొహమాటం అడ్డొస్తుంది. ఆ మాట ఎవరు అనాలో ఇంట్లోనే ముందుగా ఒకరిని అనుకోండి. వాళ్లు అన్నాక మిగతావాళ్లు వాదించకూడదని కూడా అనుకోండి. ఆ పూట పిల్లలు ఏడిస్తే రాజమండ్రిలో పుష్కర ఘాట్‌కి తీసుకెళ్లి రోడ్డు కం రైలు వంతెన చూపించండి. కింద రైలు, పైన బస్సు వెళ్తుంటే ఏడుపు ఆపేస్తారు. టికెట్ డబ్బులు మళ్లీ సంపాదించుకోవచ్చు.

నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలం లాంచీ ఎక్కినా, సముద్రంలో పెద్ద క్రూయిజ్ ఓడ ఎక్కినా ఈ జాగ్రత్తలు చాలావరకు పనికొస్తాయి. క్రూయిజ్ ఓడలో బయల్దేరే ముందు జరిగే సేఫ్టీ డ్రిల్‌కి పిల్లల్ని కూడా వెంట తీసుకెళ్లండి.

సెలవుల తర్వాత సోమవారం క్లాసులో "మై హాలిడే" అని పది వాక్యాలు రాయిస్తాను. మీ పిల్లలు గోదావరి గురించి రాస్తే చదవాలని ఉంది. అందరూ క్షేమంగా వెళ్లి, లాభంగా రండి.

మీ పిల్లల ఇంగ్లీష్ టీచర్