చెప్పకపోతే ఊహించుకుంటది: డ్రైవర్ కోడ్‌తో మా కుస్తీ



సీ భాషలో ఒక ఫంక్షన్‌ను పిలిచే ముందు దాని పేరేంది, ఏం తీసుకుంటది, ఏం తిరిగి ఇస్తది అని కంపైలర్‌కు చెప్పాలె. చెప్పకపోతే పాత సీ తనే ఊహించుకునేది, ‘ఇది ఇంట్ ఇస్తదిలే’ అని. 1999 ప్రమాణంలో ఆ వెసులుబాటు తీసేశారు. అయినా జీసీసీ చాలా ఏళ్లు వార్నింగ్‌తోనే సరిపెట్టింది. 2024లో వచ్చిన 14వ వెర్షన్‌తో అది ఎర్రర్ అయింది. లినక్స్ కెర్నల్ మాత్రం అంతకు ఎంతో ముందు నుంచే దీన్ని ఎర్రర్‌గా చూస్తోంది.

అంత పట్టింపు ఎందుకంటే, 64 బిట్ల మెషీన్‌లో మెమరీ అడ్రస్ 8 బైట్లు, ఇంట్ 4 బైట్లే. వీమాలక్ ఇచ్చిన అడ్రస్‌ను ఇంట్ అనుకుంటే సగం తెగిపోతది. డ్రైవర్ ఆ తెగిన అడ్రస్‌లో రాయబోతే సిస్టమ్ మొత్తం కుప్పకూలొచ్చు.

మా నలుగురం ఏజెన్సీ ఊళ్ల నుంచి వచ్చి హాస్టల్లో ఉండి ఇంజినీరింగ్ చదువుతున్నాం. స్కాలర్‌షిప్ రెన్యువల్ గడువు దగ్గరపడింది. నెట్ సెంటర్‌కు పోతే బస్సు చార్జీ, ఫారానికి వేరే డబ్బులు. హాస్టల్లో ఉన్న పాత కంప్యూటర్‌కు వైఫై డాంగిల్ పెడితే, దాని డ్రైవర్ కోడ్ పాతది, కెర్నల్ కొత్తది. మేక్ కొట్టగానే ‘ఇంప్లిసిట్ డిక్లరేషన్ ఆఫ్ ఫంక్షన్’ అని వరుసపెట్టి వచ్చినయ్.

చూస్తే కారణాలు రెండు రకాలు. కొన్నింటికి హెడర్ లేదు. వీమాలక్ వాడిన ఫైల్లో ‘లినక్స్/వీమాలక్.హెచ్’ కలిపితే సరిపోయింది. ఒక మెషీన్‌లో వేరే హెడర్ వెంట అది తోడొస్తది, ఇంకో దాంట్లో రాదు. అందుకే ఎవరి హెడర్ వాళ్లే పెట్టుకోవాలె.

రెండో రకం కష్టం. ఇనిట్_టైమర్ అనే ఫంక్షనే 2018లో వచ్చిన 4.15 కెర్నల్ నుంచి లేదు. దాని బదులు టైమర్_సెటప్ రాయాలె. పేరు మారిస్తే చాలదు. కాల్‌బ్యాక్‌కు ఇదివరకు ఒక సంఖ్య వచ్చేది, ఇప్పుడు టైమర్ పాయింటరే వస్తది, కాబట్టి కాల్‌బ్యాక్ కూడా తిరగరాయాలె. ఎర్రర్ నోరు మూయించడానికి పైన ఒక ఉత్త డిక్లరేషన్ రాసేస్తే కంపైల్ అయితది గానీ, లేని ఫంక్షన్ ఎక్కడి నుంచి వస్తది? మాడ్యూల్ లోడ్ కాదు.

రెండు రాత్రులు పట్టింది. ఫారాలు హాస్టల్ నుంచే నింపాం.

మన గురించి కూడా చాలామంది ముందే ఊహించుకుంటారు గదా, ‘సీటు ఊరికే వచ్చింది, వీళ్లకేం వస్తది’ అని. ఆ ఊహ ఎంత మందిని సగంలో తెంచేసిందో మనకు తెలుసు. కంపైలర్ ఈ విషయంలో మారింది. ఊహించుకోవడం మానేసి, ఆగి అడుగుతోంది. ఆ ఎర్రర్‌ను చూసి భయపడొద్దు. ఫైల్ పేరు, లైన్ నంబర్, ఫంక్షన్ పేరు అన్నీ అందులోనే ఉంటయ్. మీ దగ్గర కూడా ఏ డ్రైవరైనా ఇట్ల మొండికేస్తే చెప్పండి, కలిసి కూర్చుందాం.