ఎక్కని నిపిల్

1983 వేసవి. పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా తిరుగుతుంటే నాన్న నన్ను బెజవాడ ఆటోనగర్‌లో తెలిసిన మేస్త్రి దగ్గర పెట్టాడు. కొత్త కుర్రాడికి అక్కడ ఒకటే పని, గ్రీజు కొట్టడం. గోతిలోకి దిగి, లారీ కింద మెడ వాల్చి నిలబడితే కళ్లలో మట్టి రాలేది.

గ్రీజు ఎక్కించే నిపిల్ చిటికెన వేలి గోరంత ఉంటుంది. మూతిలో చిన్న గోళీ, దాని వెనక స్ప్రింగు. గ్రీజు గన్ను తగిలించి లీవరు నొక్కితే గోళీ లోపలికి జరిగి గ్రీజుకి దారిస్తుంది, వదిలితే మూసుకుంటుంది. తుడవకుండా కొడితే మూతి మీది ఇసుకే ముందు లోపలికి పోతుంది. అందుకే మేస్త్రి గన్ను కంటే ముందు గుడ్డపేలిక చేతికిచ్చేవాడు.

కమాను కట్టల షాకిల్ పిన్నులతో పేచీ లేదు. తిప్పలన్నీ ముందు చక్రం అటూ ఇటూ మళ్లడానికి ఆధారమైన కింగ్‌పిన్ దగ్గరే. బండి బరువు పడి ఉన్నంతసేపు గ్రీజు ఒక పక్కకే పోతుంది. జాకీతో ఇరుసు లేపి, ఒకరు చక్రం అటూ ఇటూ తిప్పుతుంటే ఇంకొకరు కొట్టాలి. నల్లటి పాత గ్రీజు బయటికొచ్చి, వెనకే తేనె రంగుది కనబడాలి. "ఎంత కొట్టావని కాదురా, ఎంత కక్కిందో చూడు" అనేవాడు మేస్త్రి. ఇప్పటి కార్ల బాల్ జాయింట్లకి చాలావాటికి నిపిలే ఉండదు. రబ్బరు తొడుగు చిరిగితే మొత్తం మార్చేయడమే. నాకది పెద్ద సుఖంగా తోచదు.

ఒక సాయంత్రం నూజివీడు మామిడికాయల లోడుతో నాగపూర్ వెళ్లే బెంజి లారీ వచ్చింది. డ్రైవరు తొందరలో ఉన్నాడు. ఎడమ పక్క కింగ్‌పిన్ కింది నిపిల్ ఎక్కలేదు. లీవరు రాయిలా బిగుసుకుంది, గ్రీజంతా గన్ను మూతి చుట్టూ వెనక్కి తన్నింది. విప్పి డీజిల్లో కడిగి, తీగతో పొడవాలి. మేస్త్రి టీకి వెళ్లాడు. నేను ఆ తన్నిన గ్రీజునే వేలితో అంచుకి పూసి, పైకొచ్చేశాను. "శభాష్ తమ్ముడూ" అని డ్రైవరు టీకి రూపాయిచ్చాడు.

మూడు వారాలకి అదే బండి. "మలుపు తిప్పాక స్టీరింగు వెనక్కి రావట్లేదు మేస్త్రీ, భుజాలు పడిపోయాయి" అన్నాడు డ్రైవరు. పవర్ స్టీరింగు లేని రోజులవి. పిన్నుని బిగించి ఉంచే కోటరు తీసినా అది కదల్లేదు. గ్యాసుతో కాల్చి సమ్మెటతో కొట్టారు. కడ్డీ పట్టుకున్నది నేనే, ప్రతి దెబ్బా మోచేతిదాకా పాకింది. పిన్ను బయటికొస్తే పై సగం నిగనిగలాడుతోంది, కింది సగం ఎర్రటి తుప్పు.

మేస్త్రి నిపిల్ విప్పి తీగ పొడిచాడు. గట్టిపడిన ముద్ద రాలింది. అరచేతిలో పెట్టి నాకేసి చాచాడు.

"ఇది ఎక్కిందా?"

"ఎక్కలేదు బాబాయ్."

ఇంకేమీ అనలేదు. డ్రైవరుకి మాత్రం మజూరీ వద్దన్నాడు, పిన్నుకీ బుష్షులకీ సరిపడా తీసుకున్నాడు. కొత్త నిపిల్‌కి గన్ను నాకే ఇచ్చాడు. అంచు చుట్టూ గ్రీజు పొంగి చక్రం మీదికి కారుతున్నా నేను కొడుతూనే ఉన్నాను.

"చాల్లే తమ్ముడూ" అని నవ్వి, డ్రైవరు ఆ రోజూ రూపాయి తీసిచ్చాడు. మేస్త్రి చూస్తుండగానే తీసుకున్నాను.