ఊపిరి ముందు, పిక్క వెనక

నలభై దాటిన ప్రవాసాంధ్రుడికి మూడు పిచ్చుల్లో ఒకటి పట్టక మానదు: పెరట్లో గోంగూర, వారాంతం వాలీబాల్, కాదంటే పరుగు. నాకు మూడోది పట్టింది. ఇంగ్లండులో అది పట్టడం బహు తేలిక. శనివారం పొద్దున తొమ్మిదయ్యేసరికి ఏ ఊళ్లో చూసినా ఏదో ఒక పార్కులో పార్క్‌రన్ ఉంటుంది. అయిదు కిలోమీటర్లు, పైసా కట్టక్కర్లేదు. 2004 అక్టోబరులో లండన్ శివార్లలోని బుషీ పార్కులో 13 మందితో మొదలైన ఈ సరదా ఇప్పుడు చాలా దేశాలకి పాకింది. డెబ్బై దాటిన పెద్దాయన నన్ను దాటుకుపోతూ 'వెల్ డన్' అని భుజం తట్టి వెళ్తుంటే ఎవరికైనా రోషం వస్తుంది.

ఆ రోషం ముందు మడమలో దిగింది, తర్వాత పిక్కకెక్కింది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే అరికాల్లో మేకు గుచ్చుకున్నట్టుండేది. వంటగది దాకా కుంటుకుంటూ వెళ్లేసరికి సర్దుకునేది. ఆఫీసులో రెండు గంటలు కూర్చుని లేస్తే మళ్లీ మొదలు.

ఈ సంగతి ఫోన్లో చెబితే అమ్మ ముందు నవ్వింది. "ఎవుడు తరుముతున్నాడ్రా నిన్ను? ఏటా పరుగు?" అంది. తర్వాత తన ఘనత గుర్తుచేసింది. "సింహాచలం గిరి ప్రదక్షిణ ఒట్టి కాళ్లతో చేసొచ్చాను నాను. నాకేటీ అవనేదు. నీకేటయింది?"

అడగాల్సిన ప్రశ్నే అడిగింది. ఆషాఢ పౌర్ణమి ముందురోజు కొండ చుట్టూ తిరిగే ఆ దారి 32 కిలోమీటర్లు. మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఆడవాళ్లు చెప్పుల్లేకుండా రాత్రంతా నడిచి తెల్లారేసరికి ఇంటిదారి పడతారు. నేను మెత్తటి బూట్లేసుకుని అందులో ఆరోవంతు దూరానికే చతికిలబడ్డాను. కారణం భక్తి తక్కువై కాదు. నడకలో ఎప్పుడూ ఒక కాలు నేలమీద ఉంటుంది. పరుగులో రెండు కాళ్లూ గాల్లోకి లేస్తాయి, దిగిన ప్రతిసారీ ఒంటి బరువుకి రెండు మూడు రెట్లు ఒక్క కాలి మీద పడుతుంది. పైగా అమ్మ పిక్కలు గొంతుక్కూర్చుని గిన్నెలు తోమిన పిక్కలు, వంగి నాట్లు వేసిన పిక్కలు. నావి పాతికేళ్లు కుర్చీ కింద వేలాడినవి.

ఇక్కడి ఫిజియోథెరపిస్టు ఆ సంగతి రెండు నిమిషాల్లో కనిపెట్టేసింది. గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి మడమ ఎత్తి దించమంది. బాగున్న కాలు ఎలాగోలా లాక్కొచ్చింది. నొప్పి కాలు కాసేపటికే గజగజలాడింది. అప్పుడామె ప్లాస్టిక్ అస్థిపంజరం కాలు తీసి చూపించింది. పైకి ఉబ్బెత్తుగా కనబడే గ్యాస్ట్రోక్నీమియస్, దాని కింద దాక్కున్న సోలియస్ అనే రెండు పిక్క కండరాలు కలిసి అకిలిస్ అనే బలమైన స్నాయువుగా మారి మడమ ఎముకని వెనకనుంచి పట్టుకుంటాయి. అదే ఎముక అడుగునుంచి ప్లాంటార్ ఫేషియా అనే పట్టీ బయల్దేరి కాలివేళ్ల దాకా పోతుంది. పిక్క బిగుసుకుపోయినా, బలం చాలకపోయినా ఆ భారం మడమ మోయాలి. నొప్పి ఒకచోట, కారణం ఇంకోచోట.

కొత్తగా పరిగెత్తేవాళ్లకే ఇది ఎందుకు వస్తుందో కూడా అక్కడే తెలిసింది. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే దారికొస్తాయి. ఆయాసం తగ్గుతుంది, హుషారు పెరుగుతుంది, దూరం పెంచేస్తాం. స్నాయువు గట్టిపడడానికి మాత్రం నెలలు పడుతుంది. అందుకే దెబ్బ తగిలేది నీరసంగా ఉన్నప్పుడు కాదు, బ్రహ్మాండంగా ఉందనిపించినప్పుడు. ఫోన్లో ప్రణాళిక పెట్టుకుని నెమ్మదిగా పెంచితే చాలంటారు. కానీ నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో కొత్తగా పరుగు మొదలుపెట్టిన 532 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకి 13 వారాల నిదానపు శిక్షణ, రెండో జట్టుకి 8 వారాల మామూలు శిక్షణ ఇచ్చి చూశారు. రెండింట్లోనూ అయిదుగురిలో ఒకరికి దెబ్బ తగిలింది. కాగితం మీద ప్రణాళిక ఎంత చక్కగా ఉన్నా కాలు చెప్పేది వినక తప్పదన్నమాట.

మరి మందేమిటి? అమ్మ వైద్యం ఇటుకని పొయ్యి మీద వేడిచేసి, జిల్లేడాకులు పరిచి, మడమ ఆనించడం. జిల్లేడు దొరకని దేశంలో వేడినీళ్ల సంచీతో సరిపెట్టుకున్నాను. హాయిగానే ఉంటుంది, నొప్పి కాసేపు మరిచిపోతాం. కానీ కాపడంతో పిక్కకి బలం రాదు. ఊరికే పడుకున్నా రాదు. 1998లో స్వీడన్‌లో హోకాన్ అల్‌ఫ్రెడ్‌సన్ అనే డాక్టరు అకిలిస్ నొప్పితో నెలల తరబడి బాధపడుతున్న 15 మందిని మెట్టు అంచున నిలబెట్టి, మడమని నెమ్మదిగా కిందికి దించే కసరత్తు రోజుకి రెండుపూటలా 12 వారాలు చేయించాడు. అందరూ మళ్లీ పరిగెత్తారు. అరికాలి నొప్పికి డెన్మార్క్‌లో ఇంకో మార్పు చేశారు: వేళ్ల కింద తువ్వాలు చుట్ట పెట్టి, రోజు విడిచి రోజు, మూడు సెకన్లలో మడమ ఎత్తి, రెండు సెకన్లు ఆపి, మూడు సెకన్లలో దించడం. నాకు పనిచేసింది ఇదే. చేసేటప్పుడు కాస్త నొప్పి ఉన్నా ఫర్వాలేదు, మర్నాడు పొద్దుటి మొదటి అడుగులో మాత్రం అది పెరగకూడదు. పెరిగిందంటే ముందురోజు మోతాదు మించిందని లెక్క.

అన్ని నొప్పులూ ఈ లెక్కలో పడవు. పరిగెత్తుతుండగా పిక్కలో ఎవరో రాయి పెట్టి కొట్టినట్టయితే కండరం చిరిగి ఉండొచ్చు, అక్కడికక్కడ ఆగాలి. మడమని రెండుపక్కల నుంచీ నొక్కితే ప్రాణం పోతోందంటే ఎముకలో సన్నటి పగులు అనుమానించాలి. మనలాంటి వాళ్లకి ఇంకొకటి ముఖ్యం: విమానంలో గంటల తరబడి కూర్చుని దిగాక ఒక పిక్క మాత్రమే వాచి, వేడెక్కి, నొప్పెడితే అది పట్టేయడం అనుకోకూడదు. రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.

సంక్రాంతికి పొందూరు దగ్గరి మా ఊరు వెళ్లినప్పుడు అరుగు అంచున నిలబడి మడమలు ఎత్తుతూ దించుతూ ఉంటే వీధికి మంచి కాలక్షేపం దొరికింది. కానీ నా కళ్లు రోడ్డు మీదున్నాయి. తెల్లవారుజామున మంచులో, తాటిచెట్ల మధ్య, తారు రోడ్డు మీద కుర్రాళ్లు బారులు బారులుగా పరిగెడుతున్నారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ మండలానికెళ్లినా ఇదే దృశ్యం. అంతా సైన్యంలో చేరడానికే. భర్తీ ర్యాలీలో 1600 మీటర్లు అయిదు నిమిషాల ముప్పై సెకన్లలోపు ముగిస్తే పూర్తి 60 మార్కులు. ఆలస్యమైతే మార్కులు తగ్గుతాయి, మరీ ఆలస్యమైతే ఇంటికే.

వాళ్లలో ఒకడు మా అరుగు దగ్గర ఆగి, పిక్కకి కట్టిన కర్చీఫు విప్పి, జేబులోంచి స్ప్రే తీసి కొట్టుకున్నాడు. రాతపరీక్ష పాసయ్యాడట, ర్యాలీకి పిలుపు రావాలి. ఎక్కడ నొప్పని అడిగితే మోకాలి కింద ముంగాలి ఎముక లోపలి అంచు చూపించాడు. వేలు పెడితే ఒక్కచోటే అదిరిపడ్డాడు. "బిళ్ళేసుకుంటే పరిగెత్తగలుగుతున్నాను అన్నా" అన్నాడు. నాకు భయమేసింది. బిళ్ళ నొప్పిని మూసేస్తుంది గాని, పగులు మొదలైన ఎముకని ఆపదు. ఎక్స్‌రే తీయించుకోమన్నాను. ఒక్కసారి తీస్తే మొదట్లో కనబడకపోవచ్చని, నొప్పి తగ్గకపోతే మళ్లీ చూపించుకోమని చెప్పాను. వాడు తలూపాడు. వింటాడన్న నమ్మకం నాకు లేదు. సైన్యంలోకి తీసుకునే అగ్నిపథ్ పథకం మొదలైనప్పుడు పెట్టిన వయసు పదిహేడున్నర నుంచి 21. ఆ కొద్ది ఏళ్లలో మూడు నెలల విశ్రాంతి అంటే వాడికి ఒక ర్యాలీ పోవడం. నాకు మడమ నొప్పెడితే పోయేది శనివారం పరుగు, దాని తర్వాతి కాఫీ.

ఓర్చుకోవడమే వీరత్వమని మా జిల్లా పిల్లలకి చెప్పక్కర్లేదు. శ్రీకాకుళం స్టేడియానికి పేరు వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడుది. కాలు తీసేయాల్సి వచ్చినప్పుడు ఆయన మత్తుమందు వద్దని ప్రాణాయామంతో నిబ్బరంగా ఉన్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ అయింది. అయితే ఆమె వెనక శిక్షకులున్నారు, రోజుకెంత ఎత్తాలో చెప్పే లెక్క ఉంది. తారు రోడ్డు మీద పరిగెత్తే వీళ్లకి ఉన్నది సెల్‌ఫోన్ స్టాప్‌వాచీ, నొప్పి బిళ్ళలూ.

విదేశాల నుంచి మేం ఊళ్లకి పంపే డబ్బులో స్వాగత తోరణాలకీ గుడి గోపురాలకీ చాలానే పోతుంది. అందులో కొంత తీసి, మండలానికో చదునైన మట్టి ట్రాక్ వేయించి, ర్యాలీకి ముందు నెలల్లో వారానికోసారి ఒక ఫిజియోథెరపిస్టుని రప్పిస్తే చాలు. మడమలు ఎత్తి దించడానికి మెట్లు ప్రతి స్కూల్లోనూ ఉన్నాయి, వాటికి ఖర్చు లేదు. వచ్చే ఏడాది చందాల లెక్క మొదలుకాకముందే మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఈ మాట పెడతాను. తోరణం వాళ్లకి కోపం వస్తుంది, రానీ.