రుద్రారం ఇంటికి ఏం కొనాలె?

ఇస్నాపూర్,
సంగారెడ్డి జిల్లా.

నర్సింలూ,

దమ్మామ్ నుంచి నువ్వు పంపిన వాయిస్ మెసేజ్‌లన్నీ విన్న. ఫోన్లనే జవాబు చెప్దునుగాని నువ్వు మధ్యల మాట్లాడనియ్యవు. అందుకే కాగితం మీద రాసి ఫోటో తీసి పంపుతున్న. మొత్తం చదివినంక కొట్లాడు.

మూడు అడిగినవు. తమ్మునికి బ్యాటరీ స్కూటర్, ఇంటి మీద సోలార్, ఇంట్ల కెమెరా. స్కూటర్ కొను. సోలార్ ఇప్పుడు వద్దు. కెమెరా సంగతి ఆఖరుకు చెప్త, దాని మీద చిన్నమ్మకు నాకు చాలాసేపు నడిచింది.

తమ్ముడు పాశమైలారంల సెకండ్ షిఫ్ట్. రానుపోను ఇరవై కిలోమీటర్లు దాటది. ఆ దూరానికి పెద్ద బ్యాటరీ అక్కర లేదు. షోరూంల పోరగాళ్లు ఒక్క చార్జింగ్‌కు ఎన్ని కిలోమీటర్లు పోతదో అదే చెప్తరు. మనం అడగాల్సింది లోపల సెల్ ఏ రకం అని. నికెల్, మాంగనీస్, కోబాల్ట్ ఉండే ఎన్ఎంసీ తేలికగ ఉంటది, అంతే బరువుల ఎక్కువ కరెంటు పడతది. ఐరన్ ఫాస్ఫేట్‌ది, అదే ఎల్ఎఫ్‌పీ, జర బరువు. గాని వేడికి తొందరగ అదుపు తప్పదు. మే నెల ఎండల కంపెనీ రేకుల షెడ్డు కింద ఎనిమిది గంటలు నిలబడే బండికి నేనైతే ఎల్ఎఫ్‌పీనే అంట.

మంటల సంగతి నువ్వు అక్కడ్నే విని ఉంటవు. 2022 ఏప్రిల్‌ల నిజామాబాద్‌ల ఒక ఇంట్ల రాత్రి చార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి పెద్దాయన చనిపోయిండు. అదే ఏడు సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌ల లాడ్జి కింది స్కూటర్ల షోరూంల నిప్పు లేచింది. పొగ మెట్లెంబడి పైకెక్కి ఎనిమిది మంది ప్రాణాలు పోయినయి. ఆ యేడు దేశమంతట ఇట్లాంటివి జరిగితే కేంద్రం బ్యాటరీల పరీక్షలను, ఏఐఎస్-156 అంటరు, గట్టిగ చేసింది. 2022 డిసెంబర్ నుంచి ఒక విడత, 2023 మార్చి ఆఖరు నుంచి ఇంకో విడత అమల్లకు వచ్చినయి. అందుకని తమ్ముడు ఎవరిదో పాత బండి సగం ధరకు వస్తదని అంటే తయారైన తేదీ చూడుమను. అంతకు ముందుదైతే ఉత్తగ ఇచ్చినా వద్దు. బ్యాటరీ పోతే గల్లీల విప్పి వేరే సెల్స్ వేసిచ్చే మిస్త్రీలు పటాన్‌చెరుల కూడ తయారైండ్రు. పని మంచిగనే చేస్తరు గాని, ఒక్కో సెల్ వేడిని, వోల్టేజ్‌ను కనిపెట్టుకుని ఉండే బీఎంఎస్ బోర్డుతోని వాళ్లకు పని లేదు, తీసి పక్కకు పెడతరు.

ఇంకొకటి. మీ ఇంట్ల బండ్లు పెట్టేది మెట్ల కింద. చార్జింగ్ పాయింట్ అక్కడ పెట్టనియ్యకు. ఏమన్న అయితే మేడ మీదున్నోళ్లకు దిగే తొవ్వ ఉండదు. కొట్టం దిక్కు గోడకు పెట్టిస్త. బండి రాంగనే ప్లగ్ పెట్టొద్దు, జర సల్లబడనియ్యాలె. అందరు పండుకున్నంక అసలే వద్దు.

సోడియం బ్యాటరీలు వస్తున్నయట, ఆగుమంటవా అని అడిగినవు. చైనాల 2021లనే చూపించిండ్రు, వస్తయి. సోడియం ఉప్పుల దొరికేదే, సౌక పడతది, గాని అంతే బరువుకు లిథియమంత కరెంటు దాచుకోదు. మన దిక్కు దివిటిపల్లిల అమరరాజా వాళ్ల సెల్ ఫ్యాక్టరీకి 2023 మేల శంకుస్థాపన అయింది, అయినా ఇప్పటికి చాలా బండ్లల్ల సెల్ బయటి నుంచి వచ్చేదే. తమ్ముడు అవన్నీ అయ్యేదాంక బస్సుల వేలాడాల్నా? 2026 డిసెంబర్ 31 దాంక రాష్ట్రంల వీటికి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. ఆ లోపల కొను.

సోలార్ లెక్క చిన్నది. మూడు కిలోవాట్లకు సూర్యఘర్ పథకం కింద 78,000 సబ్సిడీ ఇస్తరు, నిజమే. గాని చిన్నమ్మకు గృహజ్యోతిల 200 యూనిట్ల దాంక బిల్లు సున్నా వస్తున్నది, ఆమె అంత కాల్చనే కాల్చదు. సున్నాను ఇంకేం తగ్గిస్తవు? కరెంటు పోయినప్పుడు పనికొస్తదని నువ్వనుకుంటున్నవు, అదీ కాదు. బ్యాటరీ లేకుండ లైన్‌కు కలిపిన సోలార్, లైన్ పోతే తానూ బంద్ అయితది. లేకుంటే స్తంభమెక్కిన లైన్‌మన్‌కు మీ ఇంటి కరెంటు తగులుతది. ఏజెంట్లు ఈ ముక్క చెప్పరు. నువ్వొచ్చి ఏసీలు పెట్టినప్పుడు చూద్దాం.

ఇగ కెమెరా. గేటు మీద ఒకటి, హాల్ల ఒకటి, వంటింటి దర్వాజ దగ్గర ఒకటి పెట్టుమన్నవు, దమ్మామ్‌ల కూసోని అమ్మను చూసుకుంట అన్నవు. నీ భయం నాకు తెలుసు. గాని ఆమెను అడిగినవా? నేను అడిగిన. "నేను ఎట్ల కూసుంట, ఎట్ల పంట, ఏం తింట, గదంత వాడు చూసుడేందిరా? నేనేమన్న దొంగనా?" అన్నది.

ఆ మాటకు మన కంపెనీ గేటు యాదికొచ్చింది. లోపలి సంగతులు బయటికి పోవద్దని సెక్యూరిటీ వాళ్లు మన ఫోన్ కెమెరాలకు స్టిక్కర్ వేస్తరు. ఆ పక్కనే హాజరు మెషిన్ మన ముఖం తీసుకుంటది. మన ముఖం ఎక్కడ దాస్తరో, కాంట్రాక్టర్ మారితే ఏం చేస్తరో ఎవడు అడగడు. ఒడిశా నుంచి వచ్చిన పోరలైతే భాష రాక వరుసల నిలబడి ముఖం చూపిస్తరు.

దాచుకునేదేమున్నది అంటరు మనోళ్లు. 2020 డిసెంబర్‌ల లోన్ యాప్‌లోళ్లు ఫోన్లున్న నంబర్లన్నిటికి మెసేజ్‌లు పెట్టి ఇజ్జత్ తీస్తే మన రాష్ట్రంల పిల్లలు ప్రాణాలు తీసుకున్నరు. ఆ పిల్లల ఫోన్ల ఉన్నది చుట్టాల నంబర్లే. అప్పిచ్చే యాప్‌లు కాంటాక్టులు ముట్టొద్దని రిజర్వ్ బ్యాంక్ అన్నది 2022 సెప్టెంబర్‌ల.

చట్టాలు లేవని కాదు. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలు 2017 ఆగస్టు 24న చెప్పిండ్రు. 2023ల డేటా చట్టం వచ్చింది, 2025 నవంబర్‌ల దాని నిబంధనలు వచ్చినయి. కెమెరాలు అమ్మాలంటే 2025 ఏప్రిల్ నుంచి సర్కారు ఒప్పుకున్న ల్యాబ్‌ల పరీక్ష చేయించాలె. అయితే సొంత ఇంటి అవసరానికి వాడుకునేదానికి ఆ డేటా చట్టం వర్తించదు. అంటే కంపెనీ చూస్తే చిన్నమ్మ ఎన్నడన్న ఫిర్యాదు చెయ్యొచ్చు గాని, నువ్వు చూస్తే ఆ చట్టం కింద ఆమెకు దిక్కు లేదు. నువ్వే ఆగాలె.

గేటు మీద ఒకటి ఒప్పుకున్నది. మెమొరీ కార్డుల రికార్డయ్యేది తెస్త, పాస్‌వర్డ్ డబ్బా మీదిది మారుస్త. ఆమెకు బాగలేకుంటే నొక్కడానికి బెల్లొకటి మంచం కాడ పెట్టి పక్కింట్లకు వైర్ తీస్త. దానికి యాప్ లేదు.

పైసలు తమ్ముని ఖాతాకు కాదు, చిన్నమ్మ ఖాతాకు పంపు. వాడు ఎర్ర రంగుదే కావాలంటున్నడు, ఆ రంగు ఎన్ఎంసీ మోడల్‌లనే ఉన్నదట. నా మాట వింటలేడు, ఇగ నువ్వే చెప్పుకో.

నీ
యాదగిరి