నిలబడితే వణికే బండి

సిగ్నల్ దగ్గర కారు ఆగుతుంది. ఆగింది ఆగినట్టు ఉండక వణకడం మొదలుపెడుతుంది. స్టీరింగ్ అరచేతుల్లో గజగజలాడుతుంది, గేర్ రాడ్డు తల ఊపుతుంది, మీటరులో ముల్లు 800 దగ్గర నిలవక 500కి జారి, ఎగబాకి, మళ్లీ జారుతుంది. ఇక ఆగిపోతుందేమో అనుకునేలోపు పచ్చలైటు పడుతుంది. యాక్సిలరేటర్ తొక్కగానే జబ్బన్నదే ఎరగనట్టు పరుగు! హైవే మీద బాగానే పోతోంది కదా అని ఓనరు మెకానిక్ దగ్గరికి వెళ్లడం మరో నెల వాయిదా వేస్తాడు.

నిజానికి మెకానిక్‌కి పనికొచ్చే మొదటి ఆనవాలు అదే. నాలుగు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంటే ఒక్కో సిలిండర్ 400 సార్లు మండాలి. పరుగులో ఒకటీ అరా ఎగ్గొట్టినా ఆ ఊపు కప్పిపుచ్చుతుంది. నిలబడ్డప్పుడు ఆ దాపరికం కుదరదు.

గాలి సంగతీ అంతే. నిలబడి స్లోలో తిరుగుతున్నప్పుడు థ్రాటిల్ దాదాపు మూసుకునే ఉంటుంది. ఇంజన్ సన్నటి సందులోంచి ఊపిరి లాగుతుంది. ఆ దశలో ఏ రబ్బరు పైపో చిట్లిందంటే అందులోంచి దొంగగాలి దూరుతుంది. కేజీ పెట్రోలు సరిగ్గా మండడానికి సుమారు 14.7 కేజీల గాలి కావాలి. గాలిని కొలిచే సెన్సర్ ఉన్న బండ్లలో ఈ అదనపు గాలి దాని కంటపడదు, లెక్క తప్పుతుంది. వేగం పెరిగాక లోపలికి వెళ్లే గాలి ముందు ఆ చిల్లు ఏ మూలకీ రాదు.

అంబాసిడర్, పద్మినీల కాలంలో మేస్త్రీ కార్బురేటర్ స్క్రూ అటో చుట్టు ఇటో చుట్టు తిప్పి, చెవి ఒగ్గి విని ‘స్లో’ కట్టేవాడు. ఇప్పుడు ఆ పని కంప్యూటర్ చేస్తోంది. చిక్కేమిటంటే అది మరీ సర్దుకుపోయే రకం. థ్రాటిల్ బాడీకి మసి పడుతున్నకొద్దీ నెలల తరబడి గాలిదారి కాస్తకాస్త తెరుస్తూ నెట్టుకొస్తుంది. ఓ మధ్యాహ్నం ఏసీ వేసేసరికి చేతులెత్తేస్తుంది. ఓనరు మాత్రం “నిన్నటిదాకా బాగానే ఉంది” అని ఒట్టేసి చెబుతాడు.

స్కానర్ పెడితే పి0301 అని వస్తుంది. ఒకటో సిలిండర్‌లో మిస్సింగ్ అని దానర్థం. ప్లగ్గా, కాయిలా, ఇంజెక్టరా అన్నది స్కానర్ చెప్పదు. ఇక్కడే తొందరపడి మూడూ మార్పించి బిల్లు కట్టినవాళ్లున్నారు. పనితెలిసినవాడు ముందు ఇంజన్ ఆపుతాడు. ఒకటో సిలిండర్ కాయిల్ పీకి మూడోదానికి, మూడోది ఒకటోదానికి పెట్టి, పాత కోడ్ చెరిపి మళ్లీ స్టార్ట్ చేస్తాడు. ఈసారి పి0303 వచ్చిందంటే దొంగ కాయిలే, ఇల్లు మారినా బుద్ధి మారలేదు. కోడ్ కదలకపోతే అప్పుడు ప్లగ్గు విప్పుతాడు. దొంగగాలి అనుమానముంటే ఒక్కో పైపూ వేళ్లతో తడుముతూ వంచి చూస్తాడు. పైకి నున్నగా కనిపించే రబ్బరు వంపు దగ్గర అడుగున నోరు తెరుస్తుంది. కొందరు క్లీనర్ స్ప్రే కొట్టి ఇంజన్ చప్పుడు మారుతుందేమో వింటారు. వేడి ఇంజన్ మీద మండే ద్రవం కొట్టడం మరీ గుండెధైర్యం!

మసి తుడిచాక ఇంకో తమాషా. వణుకు పోతుంది గానీ కొన్ని బండ్లలో ముల్లు 1,200 దగ్గర కూర్చుంటుంది. దారి శుభ్రమైన సంగతి కంప్యూటర్‌కి తెలియదు, మసి పట్టినప్పటి అలవాటుకొద్దీ ఇంకా వెడల్పుగానే తెరుస్తుంటుంది. ఓనరు గాభరాగా వెనక్కి వస్తాడు.

“ఏమయ్యా, ఉన్న రోగం పోయి కొత్తది పట్టిందే?”

“దానికింకా తెలవలేదు సార్. స్కానర్‌తో నేర్పిస్తా, పది నిమిషాలు కూర్చోండి.”


టీ వస్తుంది. టీ అయ్యేసరికి ముల్లు 800 మీదికి దిగుతుంది. ఓనరు ఏసీ వేసి, హెడ్‌లైట్లు వేసి, స్టీరింగ్ ఆ చివరికీ ఈ చివరికీ తిప్పి, ముల్లుకేసే చూస్తూ కూర్చుంటాడు.