చేతివల

చాలా రోజులుగా రాయాలనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చిన సంగతి ఇది. ఒక చేతివల కోసం నేను పడిన వెతుకులాట. చదివేవారికి ఇంత చిన్న విషయమా అనిపించవచ్చు.

మా మేనమామది పోలవరం. ఎగువన పాపికొండలు, దిగువన పట్టిసీమ, నడుమ గోదావరి... ఆయన భూగోళం చాలావరకు ఇంతే. వరద తీసి నీరు తేటపడిన కార్తీకం మొదలు, ఎండలు ముదిరే దాకా రేవులో గాలం వేయడం ఆయన వ్యసనం. అమ్ముకోవడానికి కాదు. బెండు మునిగిన తీరు చూసి, తగిలినది వాలుగో, బొచ్చో, శీలావతో, జెల్లో చెప్పగలగడం ఆయనకు గర్వకారణం. పులస మాత్రం మా వైపు కథల్లోని చేపే. సముద్రం నుంచి ఎర్రనీటికి ఎదురీదుతూ వచ్చే ఆ చేపకు, 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట అడ్డుపడింది. అదీగాక, నీటిలోని సూక్ష్మజీవులను వడగట్టుకుని తినే పులస గాలపు ఎరకు ఆశపడే రకం కాదు.

మూడేళ్ళ క్రితం, తన డెబ్బైనాలుగో ఏట, ఆయన ఒక పెద్ద వాలుగను రేవు మెట్ల దాకా తెచ్చాడు. చివరి మూరెడు దూరంలో దారాన్ని చేత్తో అందుకోబోయి, కాలు జారి నీళ్ళలో పడ్డాడు. పక్కన బట్టలు ఉతుకుతున్నవాళ్ళు పట్టుకుని పైకి లాగారు. చేప పోయింది. దానితోపాటు అత్తయ్య ధైర్యమూ పోయింది. గాలపు కర్రలు అటకెక్కాయి. తరువాత ఒకనాడు ఫోనులో, "ఏం తోచట్లేదురా అబ్బాయ్" అన్నాడు మావయ్య. అంతకు మించి ఒక్క మాట లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

గాలపు చేప తప్పించుకునేది సాధారణంగా ఆ చివరి మూరెడులోనే. నీటిలో ఉన్నంతసేపు చేప బరువును నీరే మోస్తుంది. పైకెత్తిన మరుక్షణం ఆ బరువంతా దారం మీద, ముల్లు దిగిన చోట పడుతుంది. ఒంగి అందుకోబోతే మనిషికీ ప్రమాదమే. పిడి ఉన్న చిన్న వల ఒకటి ఉంటే ఈ చిక్కు తీరుతుందని నాకు తోచింది.

వెతకగా వెతకగా, ఈకలతో కట్టిన ఉత్తుత్తి ఈగను విసిరి ట్రౌట్ చేపలు పట్టే విదేశీయుల కొయ్య వల కంటపడింది. యాష్, వాల్‌నట్, చెర్రీ కర్రలను పలుచని బద్దలుగా తీసి, వంచి, ఒకదానిపై ఒకటి అతికించి, వార్నిషు పూసి, నీటిబొట్టు ఆకారంలో తీర్చిన చట్రం. వీణకుండలా మెరిసిపోతున్నది. వెనకా ముందూ ఆలోచించకుండా తెప్పించి, పోలవరం తీసుకుపోయాను.

మావయ్య దానిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "బావుందిరా. కానీ ఇది నీళ్ళలో నిలబడేవాడి వల" అన్నాడు.

నిజమే. మోకాటిలోతు సెలయేటిలో నిలబడి, వీపున తగిలించుకునే వలకు జానెడు పిడి చాలు. గోదావరి మెట్ల మీద కూర్చున్నవాడికి ఆ పిడితో నీరే అందదు. నోరు కూడా చిన్నది, వాలుగ తల దూరినా తోక దూరదు. అయితే రెండు గుణాలు ఆయనకు నచ్చాయి. చెయ్యి జారినా కొయ్య నీటిపై తేలుతుంది. రెండవది, ముడులు లేని అల్లిక. ముడులున్న వల చేప రెక్కలను చీలుస్తుంది, ఒంటి మీది జిగురును గీకేస్తుంది. ఆ జిగురే చేపకు కవచం, అది పోతే తిరిగి నీట వదిలినా రోగాలు సోకుతాయి. చిన్న చేపలను వదిలేయడం ఆయనకు మొదటినుంచీ అలవాటు.

ఆ అల్లికనే నమూనాగా పెట్టుకుని, పెద్ద సంచి ఒకటి నేను తెప్పించాను. మిగిలినదంతా ఆయన పని. పేమును సెగ చూపి గుండ్రంగా వంచాడు. బోలు తక్కువగా ఉన్న ముదురు వెదురును ఏరి, పురుగు పట్టకుండా కొన్నాళ్ళు నీటిలో నానవేసి, నీడన ఆరబెట్టాడు. పిడి పొడవు నిర్ణయించేటప్పుడు మాత్రం తన చేతిని కాక, నా చేతిని చాపించి కొలిచాడు. చెయ్యి వణుకుతున్నదేమో, అందుకని కాబోలు అనుకున్నాను.

అత్తయ్య ఒకే ఒక షరతు పెట్టింది. ఒంటరిగా వెళ్ళకూడదు.

మార్గశిరంలో ఒక ఉదయం ఇద్దరమూ రేవుకు వెళ్ళాము. ఎగువన 2021 జూన్‌లో గోదావరిని 48 గేట్ల స్పిల్‌వే వైపు మళ్ళించిన నాటినుంచి, నీటి పోకడను మళ్ళీ మొదటినుంచి చదువుకోవలసి వస్తున్నదంటాడు మావయ్య. రెండు గంటల తరువాత బెండు మునిగింది. చేప దగ్గరకు రాగానే నేను ఆత్రంగా వల ముందుకు తోశాను.

"చేప మీదికి వల తేకురా. వలని నీళ్ళలో ముంచి ఊరుకో. చేపని నేను తెస్తా."

కదిలే వలను చూస్తే చేప బెదిరి, ఒక్క విదిలింపుతో దారం తెంపుకుంటుందట. తోక వైపునుంచి పట్టబోతే ముందుకు ఈది పోతుంది. తల ముందుగా వస్తే, ఎంత ఈదితే అంత లోపలికే పోతుంది. నేను ఊపిరి బిగబట్టి వలను కదలకుండా పట్టుకున్నాను. కిలోన్నర ఉంటుందేమో, ఒక బొచ్చె తనంతట తానే వచ్చి అందులో ఒదిగింది. మావయ్య మెట్టు మీదనుంచి లేవలేదు. లేవవలసిన అవసరమూ రాలేదు.

పిడిని నా చేతికి ఎందుకు కొలిచాడో నాకప్పుడు అర్థమయింది.

ఆ కొయ్య వల ఇప్పుడు నా గదిలో గోడకున్నది. వెదురు వల పోలవరంలో, వసారాలో వేలాడుతున్నది. ఈ ఏడాది నేను రెండుసార్లే వెళ్ళగలిగాను. మొన్న ఫోను చేసినప్పుడు పిడికి నూనె రాస్తున్నానని చెప్పాడు.

ఎప్పుడొస్తావని మాత్రం అడగలేదు.